విశాఖ చుట్టుపక్కల మేకలు పెంచేవాళ్లు ఈ చౌక దాణా కొనకండి

"హై ప్రోటీన్ మేకల దాణా" అని మామూలు రేటుకన్నా బాగా తక్కువకి బస్తాలు అమ్ముతున్నారు. నేను పెందుర్తి వైపు ఒక దుకాణంలో తీసుకున్నాను. బస్తా మీద ప్రోటీన్ 24 శాతం అని పెద్ద అక్షరాల్లో ఉంది. అందులో ఏమేం కలిపారో మాత్రం ఎక్కడా లేదు.

విప్పగానే నీచు వాసన. ముదురు గోధుమరంగు పొడి, మధ్యలో గట్టి తెల్లటి నలుసులు. పెద్ద మేకలు మూతి పెట్టి వెనక్కి తగ్గాయి. తవుడులో కలిపితే తిన్న మేకపిల్లలకి మర్నాటికల్లా విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టరుగారు వచ్చి, ఆ నలుసులు ఎముక ముక్కల్లా ఉన్నాయని చెప్పి వెంటనే దాణా ఆపించారు. దుకాణంలో గట్టిగా నిలదీస్తే, కబేళా నుంచి వచ్చిన రక్తం ఎండబెట్టిన పొడీ, ఎముకల పొడీ కలుస్తాయని ఒప్పుకున్నాడు. "బలమే కదండీ, కోళ్లకి పెట్టట్లేదా?" అని పైగా నన్నే అడిగాడు.

కోళ్ల సంగతి వేరు, మేక నెమరువేసే జీవం. పాలకీ మాంసానికీ పెంచే జీవాలకి, కోళ్లూ పందులూ చేపలూ తప్ప, ఆవు, గేదె, పంది జాతుల మాంసం, ఎముకల పొడి, రక్తం పొడి ఉన్న దాణా పెట్టకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన ఉంది. అది ఊరికే పెట్టింది కాదు. బ్రిటన్‌లో 1986లో బయటపడ్డ పిచ్చి ఆవు జబ్బు (మ్యాడ్ కౌ) అలాంటి దాణా వల్లే పాకింది. 1988లో అక్కడ ఆ దాణాని నిషేధించారు. 2005లో ఫ్రాన్స్‌లో ఒక మేకకీ అదే జబ్బు ఉందని తేలింది. మామూలుగా ఉడకబెడితే పోయేది కాదది.

మన దేశంలో ఆ జబ్బు కనబడలేదు, నిజమే. నాకు అంతకన్నా దగ్గరి భయం దొమ్మ రోగం (ఆంత్రాక్స్). పాడేరు, అరకు వైపు అది ఇదివరకు వచ్చిందే. దొమ్మతో చచ్చిన పశువు ఎముకలు సరిగా కాల్చకుండా పొడి చేస్తే, ఆ క్రిమి బీజాలు అందులో ఏళ్ల తరబడి బతుకుతాయి. ఏ పశువుదో, ఎలా చచ్చిందో తెలియని ఎముకని మన పాకలోకి ఎందుకు తెచ్చుకోవాలి?

బస్తా మీది అంకె చూసి మాత్రం నమ్మకండి. ల్యాబ్‌లో నైట్రోజన్ కొలిచి 6.25తో గుణించి ప్రోటీన్ అంటారు. రక్తం కలిపినా, యూరియా కలిపినా ఆ అంకె పెరుగుతుంది. ఏమేం కలిపారో, తయారీదారు ఎవరో, బ్యాచ్ నంబరెంతో రాసి ఉండాలి, బిల్లు ఇవ్వాలి. ఇవ్వనివాడి దగ్గర ఎంత చౌకైనా వద్దు. ప్రోటీన్ కావాలంటే బూజు పట్టని వేరుశనగ చెక్క, నువ్వుల చెక్క ఉన్నాయి, గట్ల మీద అవిసె, సుబాబుల్ వేసుకోవచ్చు. సుబాబుల్ ఒక్కటే కడుపునిండా మేపకండి.

ఇప్పటికే కొన్నవాళ్లు మేపడం ఆపండి. బస్తా పారేయకుండా, కొంత దాణా మూతి కట్టి దాచి డాక్టరుకి చూపించండి. మిగతాది పక్కవాళ్లకి ఇవ్వకండి. జీవాలు నలతగా ఉంటే 1962కి ఫోన్ చేయండి, పశువైద్య వాహనం వస్తుంది. డబ్బు విషయం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు, నేనూ చేశాను.