కార్తీక దీపం: ఐదేళ్లు చూసినా తీరని బాకీ

స్టార్ మాలో వచ్చిన ఈ సీరియల్ కథ చెప్పను. వంటలక్క దీప ఎవరో, ఆ డీఎన్ఏ పరీక్ష అన్నాళ్లు ఎందుకు నానిందో తెలియని తెలుగిల్లు సరిహద్దుకి అటూ లేదు, ఒడిశాలోని మా పర్లాకిమిడి వైపూ లేదు. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా మొత్తం 1569 ఎపిసోడ్లు. జ్వరాలకీ పెళ్లిళ్లకీ పోయినవి పోగా మిగతావన్నీ మా అత్త పక్కన కూర్చుని చూశాను. అంత చూసిన మనిషికి ఒక ముగింపు బాకీ ఉంటారు కదా. నా గొడవంతా అదే.

మొదట్లో తెగ మెచ్చుకున్నాను. నల్లపిల్లని కథానాయికగా పెట్టారని టెక్కలిలో మా అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను. నాదీ ఆ రంగే. పెళ్లిచూపుల్లో మా అత్త నా రంగు గురించి అన్న మాట ఇక్కడ అనవసరం గానీ, ఆవిడే ఇన్నేళ్ల తర్వాత దీప కోసం కొంగుతో కళ్లొత్తుకుంటుంటే నాకు లోపల్లోపల భలే తృప్తిగా ఉండేది. దీపగా వేసిన ప్రేమి విశ్వనాథ్ సగం మాటలు కళ్లతోనే చెప్పేస్తుంది, అది ఇప్పటికీ కాదనను. కాకపోతే ఆ నలుపు మేకప్పుదని తర్వాత తెలిసింది. ఆ సంగతి మా అమ్మకి చెప్పలేదు.

ఇంకో లాభం కూడా చెప్పుకునేదాన్ని. మా అమ్మాయిది ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవమంటే నోరు పెగలదు. రోజూ తెర మీద పడే పేరు చూసి చూసి క, త, ద, ప పట్టేసింది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం కొట్లాడిన ఊళ్లో మా పిల్లకి వాచకం సీరియల్ పేరైంది. అక్కడితో ఆగింది లెండి. ఐదేళ్లకి నాలుగక్షరాలు.

ఇక ముగింపుల సంగతి. ఒకటి కాదు కాబట్టే ముగింపులు అంటున్నాను. 2022 మార్చిలో దీపనీ ఆమె మొగుడు కార్తీక్‌నీ కారు ప్రమాదంలో చంపేశారు. మా అత్త ఆ రాత్రి అన్నం ముట్టలేదు. పిల్లలు పెద్దవాళ్లయిపోయారు, వాళ్ల ప్రేమలూ గొడవలూ మొదలయ్యాయి. సరే, అలవాటు పడదాం అనుకునేలోపు ఆగస్టులో దీప లేచి కూర్చుంది. పెద్దవాళ్లయిన పిల్లలు మళ్లీ చిన్నపిల్లలైపోయారు. చచ్చినవాళ్లు బతకడం మనకి కొత్త కాదు. ఎదిగిన పిల్లలు కుంచించుకుపోవడం మాత్రం నేనెక్కడా చూడలేదు. "మరి నానేడిసిన ఏడుపు ఎవడిస్తాడే?" అంది మా అత్త. ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

అసలు చివరి ఎపిసోడ్ 2023 జనవరి 23, సోమవారం. ముందురోజు భువనేశ్వర్‌లో హాకీ ప్రపంచకప్పు. మూడు ఒకటి మీదున్న మనవాళ్లు న్యూజిలాండ్‌తో మూడు మూడు చేసుకుని షూటౌట్‌లో ఓడిపోయారు. మా ఆయనకి పిచ్చికోపం వచ్చింది. పొద్దున్నే కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి ఆ స్పోర్ట్స్ ప్యాక్ తీసిపారేయమన్నాడు. ఆ అబ్బాయి తీసేశాడు. ఏది తీశాడో సాయంత్రం ఏడుంబావుకి గానీ తెలియలేదు. మా వైపు తెలుగు ఛానళ్లకి వేరే ప్యాక్ కట్టుకోవాలి, అది పోయింది. హాకీ భేషుగ్గా వస్తోంది. ఐదేళ్ల కథ ముగిసే వేళకి మా ఇంట్లో ఎవరో పరాయి దేశాలవాళ్లు కర్రలు పట్టుకుని పరుగెడుతున్నారు.

కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తే ఎత్తడు. నేతాజీ జయంతి సెలవు. నా మొబైల్‌లో యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంది. శుక్లాలున్న మా అత్త అంత చిన్న తెరలో ఏం చూస్తుంది? మా ఆయన్ని నేనేమీ అనలేదు. మా అత్త అంది, ఆవిడ కొడుకే కాబట్టి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

అప్పుడు ఎదురింటి మావుసీ, అంటే పిన్ని, గోడ మీదనుంచి కేకేసింది. ఆవిడ ఒడియా మనిషి, తెలుగు ముక్కలు ముక్కలుగా వస్తుంది. మా ఇంట్లో కూర్చుని మరిగి, ఎప్పుడు పెట్టించుకుందో ఏమో, తెలుగు ప్యాక్ పెట్టించుకుంది! మా అత్తని చెయ్యి పట్టుకుని వీధి దాటించేసరికి సగం అయిపోయింది. మిగిలిన సగం ముగ్గురం చూశాం. అయ్యాక కాసేపు ఎవరూ కదల్లేదు. "సరిలా?" అని అడిగింది మావుసీ. ఒడియాలో అయిపోయిందా అని. మా అత్త "సరిలే" అంది.

మావుసీకి అనుమానం రావడం సహజమే. వాళ్ల కార్తీకం పున్నమితో అయిపోతుంది, తెల్లారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదిలి, మర్నాడు ఛాడఖాయి అని చేపలు వండుకుంటారు. ఆ వాసనకి ముక్కు మూసుకుని మేమింకా పదిహేను రోజులు కానిస్తాం, పోలిపాడ్యమికి మా దొప్పలు మేం వదులుతాం. తేదీ తేడాయే గానీ ఇద్దరికీ అయిపోవడం ఉంది. ఈ దీపానికే లేదు.

మర్నాడు అదే ఏడున్నరకి బ్రహ్మముడి అనే కొత్త సీరియల్ మొదలైంది. ఒక్క పూట మైల కూడా పట్టలేదు.

చిన్నప్పుడు దూరదర్శన్ మహాభారత్ 94 ఎపిసోడ్లలో భీష్ముడితో ఆపేస్తే, ఇంకా ఐదు పర్వాలున్నాయి కదరా అని మా తాత సణిగేవాడు. నేనూ సణిగాను. ఇప్పుడనిపిస్తుంది, ఎంత మర్యాదగా ఆపారో.

చూడొచ్చా అంటే ఏం చెప్పను? ఇంట్లో మాట కలవని అత్త ఉంటే చూడండి, మాకైతే పనికొచ్చింది. మీరు ఒక్కరే కూర్చుని కథ ఎటు తేలుతుందో చూద్దామనుకుంటే 2022 మార్చి దగ్గర ఆపేయండి, అదీ మీ ఓపికని బట్టి. 2024 మార్చిలో అవే పేర్లతో, అదే జంటతో, వేరే కథగా ఈ సీరియల్ రెండో భాగం, నవ వసంతం మొదలుపెట్టారు. "ఈల్లని నమ్మకూడదే" అంటూనే మా అత్త కుర్చీ ముందుకి జరుపుకుంది. మావుసీ వాళ్లింట్లోనే చూస్తోంది, ఇటు రావడం తగ్గించింది. మా ఆయన హాకీ ప్యాక్ మాత్రం మొన్నటిదాకా పోలేదు.