వయోమింగ్ గడ్డి మైదానాల్లో మ్యూల్ డీర్ వేట: ఎక్కడ ఉన్నాం, దేనికి ఖర్చు పెట్టాం

టెక్సాస్‌లో వేట అలవాటైన మనవాళ్లు వయోమింగ్‌లో మ్యూల్ డీర్ (పెద్ద చెవుల జింక) వేట పేరెత్తగానే తుపాకీ దగ్గర మొదలుపెడతారు. ఏ క్యాలిబర్, ఏ స్కోప్, ఎన్ని గజాల దాకా కొట్టొచ్చు, ఇవే ప్రశ్నలు. వెళ్లొచ్చాక నా లెక్కలో తుపాకీ ఐదో స్థానంలోనో ఆరో స్థానంలోనో ఉంది. దానికంటే ముందు భూమి, అంటే ఎక్కడ కాలు పెట్టొచ్చు ఎక్కడ పెట్టకూడదు అన్న సంగతి. తర్వాత బైనాక్యులర్, టైర్లు, నీళ్లు, ఐస్. తూర్పు టెక్సాస్‌లో మనం చేసేది చెట్ల మధ్య డబ్బాలాంటి బ్లైండ్‌లో కూర్చుని, ఫీడర్ నుంచి మొక్కజొన్న రాలగానే వచ్చే వైట్‌టెయిల్ జింక కోసం చూడటం. వయోమింగ్ తూర్పు వైపు చెట్టే ఉండదు, కంటికి ఆనినంత దూరం ఎండు గడ్డి, సేజ్‌బ్రష్ పొదలు, మధ్యలో ఎండిపోయిన వంకలు. మా కర్నూలు వైపు రోళ్లపాడు బీళ్లు చూసినవాళ్లకు ఆ నేల కొత్తగా అనిపించదు. (ఊరి సంగతి వచ్చింది కాబట్టి: మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక జింకను ముట్టుకుంటే జైలే, కృష్ణజింక ఆంధ్ర రాష్ట్ర జంతువు కూడా. ఇది పూర్తిగా అమెరికాలో లైసెన్స్ తీసుకుని చేసే వేట గురించి.)

వయోమింగే ఎందుకంటే, మిగతావి కూడా చూశాం. వెస్ట్ టెక్సాస్‌లో మ్యూల్ డీర్ ఉన్నాయి గానీ భూమి దాదాపు అంతా ప్రైవేటు, ర్యాంచ్‌వాళ్లు చెప్పే ధరలు వేలల్లో ఉంటాయి. మోంటానా అంటే నాకు ఇష్టమే, అక్కడి బ్లాక్ మేనేజ్‌మెంట్ పథకంలో ప్రైవేటు పొలాల్లోకి ఉచితంగా వెళ్లనిస్తారు, సీజన్ కూడా ఐదు వారాలు. కానీ బయటి రాష్ట్రం వాళ్లకు లైసెన్స్ ఖరీదు ఎక్కువ, ఏప్రిల్ 1 కల్లా దరఖాస్తు వేయాలి, డాలస్ నుంచి ఇంకా ఒక రోజు ప్రయాణం పెరుగుతుంది. వయోమింగ్‌లోనే పడమటి వైపు కొండలు మరీ అందంగా ఉంటాయట, కానీ 2022-23 చలికాలం మంచుకు అక్కడి జింకలు దారుణంగా చచ్చిపోయాయి, మంద కోలుకునేదాకా అటు వెళ్లబుద్ధి కాలేదు. పైగా ఫెడరల్ వైల్డర్‌నెస్ ప్రాంతాల్లో బయటివాళ్లు గైడు లేకుండా పెద్ద జంతువుల్ని వేటాడకూడదన్న రూల్ ఒకటుంది. అందుకే తూర్పున డగ్లస్, గిలెట్ మధ్య ఉన్న థండర్ బేసిన్ నేషనల్ గ్రాస్‌ల్యాండ్ చుట్టుపక్కల ఎంచుకున్నాం.

లైసెన్స్ లాటరీలో వస్తుంది. బయటివాళ్లకు జింక దరఖాస్తు గడువు జూన్ మొదట్లో, ఫలితాలు అదే నెలలో. మేం వేసినప్పుడు మామూలు లైసెన్స్ 374 డాలర్లు, దరఖాస్తుకు ఇంకో 15, కన్జర్వేషన్ స్టాంపు 21.50. స్పెషల్ అని ఎక్కువ డబ్బు కట్టి వేరే లాటరీలో వేసేది ఇంకొకటి ఉంది, అది అప్పుడు 1,200. తూర్పు రీజియన్లకు అంత పెట్టడం దండగ అని నా అభిప్రాయం. 1966 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి, టెక్సాస్‌ది చెల్లుతుంది.

మనవాళ్లలో చాలామంది పట్టించుకోని విషయం ఒకటి, ఇది కాస్త జాగ్రత్తగా చదవండి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే కాదు, తూటా ఉన్నా ఫెడరల్ నేరం. మినహాయింపు ఏమిటంటే అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్స్ చేతిలో ఉండాలి. టెక్సాస్ లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. మా బావమరిది హెచ్1బీ మీద ఉన్నాడు, "బావా, వేట అక్టోబరులో కదా, అప్పుడు తీసుకుంటాలే" అన్నాడు. "సెప్టెంబరంతా నీ బీరువాలో తుపాకీ ఏ హక్కుతో ఉంటుందిరా?" అని అడిగితే అదే రోజు వెళ్లి రెన్యూ చేసుకొచ్చాడు. గ్రీన్ కార్డు వాళ్లకు ఈ తలనొప్పి లేదు. మీ పరిస్థితి వేరుగా ఉంటే లాయర్‌ని అడగండి, వాట్సాప్ గ్రూపుల మాట నమ్మి ఇమిగ్రేషన్‌ని రిస్క్‌లో పెట్టుకోకండి.

ఇక భూమి. థండర్ బేసిన్ మ్యాప్ చూస్తే అయిదు లక్షల ఎకరాల పైన ప్రభుత్వ భూమి ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అదంతా ఒకచోట లేదు, ప్రైవేటు ర్యాంచ్‌ల మధ్య ముక్కలు ముక్కలుగా అతికించినట్టు ఉంటుంది. కొన్ని ముక్కలకు దారే లేదు. ఫోన్‌లో ఆన్ఎక్స్ లాంటి మ్యాప్ యాప్‌కి డబ్బు కట్టి, బయల్దేరే ముందే ఆ ప్రాంతం మొత్తం ఆఫ్‌లైన్‌లో దింపుకోవాలి, ఎందుకంటే హైవే 59 వదిలాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. మొత్తం ట్రిప్‌లో పైసా వసూల్ అయినది ఏదంటే ఆ యాప్ చందానే అంటాను. దాంతో పాటు ఫారెస్ట్ సర్వీస్ వాళ్లు ఉచితంగా ఇచ్చే వాహనాల మ్యాప్ కూడా పెట్టుకోండి, అందులో చూపించిన దారుల్లో తప్ప బండి పోనివ్వకూడదు. గేమ్ అండ్ ఫిష్ (వయోమింగ్ వన్యప్రాణి శాఖ) వాళ్లు వేటకు తెరిపించిన వాక్-ఇన్ ఏరియాలు, హంటర్ మేనేజ్‌మెంట్ ఏరియాలు విడిగా ఉంటాయి. మొదటివాటిలోకి నడిచి వెళ్లడమే, రెండో రకానికి ముందుగా ఆన్‌లైన్‌లో పర్మిషన్ స్లిప్ తీసుకోవాలి. రెండు ప్రభుత్వ ముక్కలు మూల మీద మాత్రమే కలిసే చోట దాటొచ్చా అన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. 2021లో ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరీ వేటగాళ్ల మీద వేసిన కేసులో 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు వేటగాళ్ల పక్షాన తీర్పిచ్చింది, అక్టోబరులో సుప్రీం కోర్టు అప్పీలు వినడానికి ఒప్పుకోలేదు. కాబట్టి ప్రైవేటు నేల మీద అడుగు పెట్టకుండా మూల మీంచి దాటొచ్చు. మేమైతే సరిగ్గా ఆ మూల ఎక్కడుందో ఫోన్ చుక్కను నమ్మి తేల్చే సాహసం చేయలేదు, సర్వే రాయి కనబడితేనే దాటాలనుకున్నాం, ఒక్కటీ కనబడలేదు.

బస గురించి చాలామంది అడిగారు. గ్రాస్‌ల్యాండ్‌లో కట్టిన క్యాంప్‌గ్రౌండ్లు లేవు, ఎక్కడైనా డేరా వేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, నీళ్లు బాత్‌రూమ్ ఏవీ ఉండవు. మేం మొదట అదే చేశాం. పొద్దున్నే కళ్లు తెరిచేసరికి వేట నేలలోనే ఉండటం బాగుంది, కానీ గాలి! రాత్రంతా డేరా గుడ్డ కొట్టుకుంటూనే ఉంటుంది, తెల్లారేసరికి సీసాలో నీళ్లు గడ్డకట్టాయి, మధ్యాహ్నానికి చొక్కా చాలన్నంత ఎండ. చవక డేరా తీసుకెళ్లొద్దు. ట్రక్కు వెనక పడుకోగలిగితే ఇంకా మేలు.

తర్వాత డగ్లస్‌లో హైవే పక్కన ఒక మోటెల్‌కి మారాం. ఊరు బాగుంటుంది, నార్త్ ప్లాట్ నది పక్కనే, వీధుల్లో ఎటు చూసినా కొమ్ములున్న కుందేలు బొమ్మలు, జాకలోప్ అనే ఆ కట్టుకథ జంతువుకు తమదే పుట్టిల్లని చెప్పుకుంటారు. వేడినీళ్ల స్నానం సుఖమే కానీ తెల్లవారుజామున చీకట్లో గంటకు పైగా బండి నడపాలి. ఆ మోటెల్ వాళ్లు మాంసం పెట్టుకోవడానికి ఫ్రీజర్ ఉందని ఫోన్‌లో చెప్పి, తీరా వెళ్లాక అది పాడైందన్నారు. ఫ్రీజర్ సంగతి బుకింగ్ రోజు ఒకసారి, బయల్దేరే ముందు ఇంకోసారి అడగండి. వేట సీజన్లో గదులు చమురు బావుల పనివాళ్లతోనూ వేటగాళ్లతోనూ నిండిపోతాయి, జూన్‌లో లాటరీ ఫలితం రాగానే బుక్ చేసేయాలి.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఒక ర్యాంచ్‌లో పనివాళ్ల కోసం కట్టిన పాత గది. బంకులు, పొయ్యి, ఒక ఫ్రిజ్, అంతే. ఆ ర్యాంచ్ పెద్దాయన వేటకు తన పొలంలోకి రానివ్వడానికి మనిషికి రోజుకు రెండు వందల యాభై అడిగాడు, గది అందులోనే. ఒక్క రోజుకు ఇచ్చాం. డబ్బు ఎక్కువే అనిపించింది గానీ వంటింటి బల్ల మీద మ్యాప్ పరిచి జింకలు మధ్యాహ్నం ఏ వంకలో పడుకుంటాయో, ఏ గేటు మూయాలో, వాన వస్తే ఏ దారి వదిలేయాలో చెప్పాడు. ఆ నేల మీద అంత మాట చెప్పేవాళ్లు ఎక్కడ దొరుకుతారు. గైడుతో పూర్తి ప్యాకేజీ తీసుకుంటే అయిదారు వేలు దాటుతుంది, మీకు వేట బొత్తిగా కొత్త అయితేనే దాని గురించి ఆలోచించండి.

బైనాక్యులర్ అన్నాను కదా. అక్కడ నడక తక్కువ, చూడటం ఎక్కువ. చీకటితో గట్టు ఎక్కి, ఆకాశం మీద మన ఆకారం కనబడకుండా కాస్త దిగువన కూర్చుని, ట్రైపాడ్ మీద బైనాక్యులర్ బిగించి, ఎదుటి వాలును గళ్లు గళ్లుగా జల్లెడ పట్టాలి. గంట చూసినా ఏమీ ఉండదు, తర్వాత అదే పొద మొదట్లో చెవి ఒకటి కదులుతుంది. మ్యూల్ డీర్ పొద్దున సాయంత్రం మేసి, ఎండ ఎక్కగానే వంక గట్టు నీడలోనో పొద కిందో పడుకుంటాయి. పడుకునే చోటు గుర్తుపెట్టుకుని గాలి మన ముఖానికి తగిలేటట్టు చుట్టూ తిరిగి వెళ్లడమే పని. 10x42 బైనాక్యులర్ చాలు, కానీ ట్రైపాడ్ లేకుండా చేత్తో పట్టుకుంటే సగం కనబడవు. కొత్త రైఫిల్ కొనే డబ్బుంటే అది బైనాక్యులర్‌లో, రేంజ్‌ఫైండర్‌లో పెట్టండి. దూరాలు కంటికి అస్సలు తెలియవు, రెండు వందల గజాలనుకున్నది నాలుగు వందలుంటుంది. ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి ఇంకో జంతువు) మందలు మాత్రం రోడ్డు పక్కనే బోలెడు కనిపిస్తాయి, వాటికి లైసెన్స్ వేరు, చూసి ముచ్చటపడి వదిలేయాలి.

చివరి రెండు మూడు వందల గజాలు పాకాల్సిందే. నేలంతా నాగజెముడు, మన చేలగట్ల మీద ఉండే జాతే గానీ పొట్టిగా గడ్డిలో కలిసిపోయి ఉంటుంది. మోకాలి ప్యాడ్లు, తోలు గ్లవ్స్, ఒక పట్టకారు జేబులో. బావమరిది ప్యాడ్లెందుకని నవ్వాడు, ఆ సాయంత్రం మోటెల్ గదిలో ప్యాంటు విప్పి ముళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. అక్టోబరు మొదట్లో ఎండ కాస్తే రాటిల్‌స్నేక్‌లు కూడా బయటే ఉంటాయి, రాళ్ల మీద చెయ్యి పెట్టేముందు చూసుకోవాలి.

దారుల సంగతి వానను బట్టి ఉంటుంది. పొడిగా ఉంటే మట్టిరోడ్లు బాగానే ఉంటాయి, చినుకు పడిందా, ఆ బెంటోనైట్ మట్టి మన నల్లరేగడిలాగే టైరుకు చుట్టుకుని బండిని కదలనివ్వదు. వానొస్తే రోడ్డు ఆరేదాకా ఆగడం తప్ప ఉపాయం లేదు, కాబట్టి ఒక రోజు అదనంగా సరిపడే తిండి, నీళ్లు బండిలో ఉండాలి. వంకల్లో నీళ్లుంటాయని లెక్కేయకండి. మేం మనిషికి రోజుకు గ్యాలన్ చొప్పున పెట్టుకున్నాం, సరిపోయింది. స్పేర్ టైరు పూర్తి సైజుది కావాలి, ఎయిర్‌పోర్టులో అద్దె కారు తీసుకుందామంటే చాలా కాంట్రాక్టుల్లో మట్టిరోడ్డు మీదికి వెళ్లకూడదని రాసి ఉంటుంది. డాలస్ నుంచి డగ్లస్‌కి దాదాపు వెయ్యి మైళ్లు, అమరిల్లో మీదుగా వెళ్లి డెన్వర్ దాటితే ఐ-25 మీద నేరుగా. సొంత ట్రక్కులో వెళ్లడమే మంచిది, తిరుగు ప్రయాణంలో మాంసం కూలర్లకు చోటుంటుంది. ఎండు గడ్డి మీద మాత్రం బండి ఆపొద్దు, సైలెన్సర్ వేడికి నిప్పంటుకుంటుంది, పక్కనున్నది ఎవరో ర్యాంచర్ శీతాకాలం మేత.

తుపాకీకి ఒక్క పేరా చాలు. ఇంటి దగ్గర బెంచ్ మీద కాల్చిన ప్రాక్టీస్ అక్కడ పనికిరాదు, కూర్చుని, కర్రల మీద ఆనించి కాల్చడం నేర్చుకోండి, చిన్న బైపాడ్ వేసుకుని పడుకుంటే ముందు సేజ్‌బ్రష్ అడ్డం వస్తుంది. వెళ్లాక ఒకసారి గురి సరిచూసుకోండి. మూడు వందల గజాల దగ్గర గంటకు ఇరవై మైళ్ల పక్కగాలి తూటాను అడుగు దాకా పక్కకు నెట్టేస్తుంది, అక్కడ ఆ గాలి మామూలే. మేం మూడు వందలు దాటితే కాల్చకూడదని ముందే ఒప్పందం చేసుకున్నాం, దానివల్ల ఒక మంచి బక్‌ని (మగ జింకని) వదులుకున్నాం, అదేం బాధగా లేదు. ఆరెంజ్ లేదా పింక్ ఫ్లోరోసెంట్ బట్ట పైన తప్పనిసరి, కనీసం టోపీ అయినా. రోడ్డు మీంచి కాల్చకూడదు.

మాకు జింక పడింది పబ్లిక్ భూమిలోనే, ర్యాంచ్ ఆయన చెప్పిన కంచెకు ఇవతల. పడగానే చేయాల్సింది ఫొటో కాదు, లైసెన్స్‌తో వచ్చే కూపన్ మీద తేదీ కత్తిరించి సంతకం పెట్టి జింకకు కట్టాలి, మగదో ఆడదో తెలిసే ఆనవాలు మాంసానికి అంటుకునే ఉంచాలి. మధ్యాహ్నం ఎండకు మాంసం పాడవకుండా వెంటనే చర్మం తీసి ముక్కలు చేసి గుడ్డ సంచుల్లో వేసి నీడన గాలికి వేలాడదీశాం. ఆ ఎండుగాలి రాత్రంతా పెట్టిన బాధకు ఇక్కడ బదులు తీర్చింది, పైపొర చకచకా ఆరిపోయింది.

ప్రాసెసర్ దగ్గర ఇస్తే కోసి ప్యాక్ చేస్తారు గానీ సీజన్లో వారం రోజులు పట్టొచ్చని చెప్పారు, అందుకని మేమే ఎముక తీసేశాం. వెయిటింగ్ లేకుండా ఉండటం ఒక్కటే కాదు, సీడబ్ల్యూడీ అనే, జింకల మెదడును పాడుచేసే అంటుజబ్బు వల్ల చాలా రాష్ట్రాలు మెదడు, వెన్నెముక ఉన్న కళేబరాన్ని సరిహద్దు దాటనివ్వవు, ఎముక లేని మాంసానికి ఆ చిక్కు రాదు. తలను గేమ్ అండ్ ఫిష్ వాళ్లకు చూపిస్తే మెడ దగ్గరి గ్రంథులు తీసి పరీక్షకు పంపుతారు, ఫలితం ఆన్‌లైన్‌లో రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మనుషులకు అంటినట్టు రుజువు లేదు గానీ పాజిటివ్ వస్తే తినొద్దనే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. ఇద్దరి మాంసం ఒకే ఫ్రీజర్‌లో పెడితే ప్రతి ప్యాకెట్ మీద ఏ జింకదో శాంపిల్ నంబరు రాయండి, ఒకదానికి పాజిటివ్ వస్తే రెండోది కూడా పారేయాల్సిన అవసరం రాదు. మాది నెగటివ్ వచ్చింది. కొవ్వు లేని మాంసం కాబట్టి కుక్కర్‌లో మటన్‌కంటే రెండు విజిల్స్ ఎక్కువ పెట్టి, నూనె కాస్త ధారాళంగా పోయాల్సి వచ్చింది.