కమ్యూనిటీ కాలేజీ లైబ్రరీ: మూడేళ్ళ వాడకం తర్వాత

కాలిఫోర్నియాలో మేముంటున్న ఊరి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ కోర్సులు నడిపే ప్రభుత్వ కాలేజీ), పెళ్ళయిన పదేళ్ళకు మళ్ళీ చదువు మొదలుపెట్టి, మూడేళ్ళుగా అక్కడి లైబ్రరీని వాడుతున్నాను. నా చదువు ఆగిపోకుండా నిలబడిందంటే అందులో సగం పుణ్యం ఆ లైబ్రరీ కౌంటర్‌దే.

ఇక్కడ రాష్ట్రవాసులకు ఫీజు యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్క) 46 డాలర్లు. నాలుగు యూనిట్ల అకౌంటింగ్ కోర్సుకు 184 డాలర్లు కట్టిన నేను, దాని పాఠ్యపుస్తకం ధర 200 దాటిందని చూసి నివ్వెరపోయాను. ఆ పుస్తకాన్నే కోర్స్ రిజర్వ్ పేరుతో కౌంటర్ వెనక ఉంచుతారు. గుర్తింపు కార్డు చూపితే రెండు గంటలు ఇస్తారు, కానీ గడప దాటించకూడదు. వెన్ను ఊడిపోయి టేపుతో అతికించిన ఆ ప్రతిని ముందేసుకుని, గడువు వేళ రాసిన చీటీని పక్కన పెట్టుకుని, మొదటి సెమిస్టర్ లెక్కలన్నీ చేశాను.

అరల సంగతి కొద్దిగానే చెబుతాను. గుంటూరులో డిగ్రీ చదివే రోజుల్లో అకౌంటింగ్ పుస్తకాలను డ్యూయీ దశాంశ వర్గీకరణలోని 657 అంకె కింద వెతికిన నాకు, ఇక్కడి అమెరికన్ కాంగ్రెస్ లైబ్రరీ వర్గీకరణలో అవి హెచ్‌ఎఫ్ అక్షరాల కింద ఉంటాయని తెలుసుకోవడానికి ఒక వారం పట్టింది.

అసలు విలువ లైబ్రేరియన్ బల్ల దగ్గర ఉంది. కాలిఫోర్నియా బాదం తోటలు, 2014 నాటి భూగర్భజల చట్టం మీద ఇంగ్లీషు క్లాసుకు వ్యాసం రాయవలసి వచ్చినప్పుడు (బోర్లు ఎండిపోయే ఊళ్ళ నుంచి వచ్చినదాన్ని కనుక ఆ విషయమే ఎంచుకున్నాను), లైబ్రరీ వారి వ్యాసాల డేటాబేస్‌లో ప్రశ్న మొత్తాన్ని ఒక వాక్యంగా కొట్టి, వేలకొద్దీ ఫలితాల ముందు బిక్కమొహం వేశాను. లైబ్రేరియన్ ఆవిడ జవాబు చెప్పలేదు. "మీరు తెలుసుకోవాలనుకుంటున్నది రైతు గురించా, చట్టం గురించా?" అని అడిగి, వాక్యాన్ని మూడు మాటలకు కుదించి, రెండింటిని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టించి, నిపుణులు పరిశీలించిన వ్యాసాలు మాత్రమే మిగిలేలా గడి టిక్కు పెట్టించారు. ఆ ఇరవై నిమిషాలు తర్వాతి నాలుగు కోర్సులకు పనికొచ్చాయి.

లోపాలూ ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నానికే తాళం పడుతుంది, శని ఆదివారాలు అసలు తెరవరు. పగలంతా ఉద్యోగం చేసి సాయంత్రం క్లాసులకు వచ్చేవారికి ఈ వేళలు ఏ మాత్రం పనికిరావు. ఇంతకన్నా పెద్ద చిక్కు ఆన్‌లైన్‌లో హోంవర్క్ చేయడానికి కావలసిన యాక్సెస్ కోడ్‌లతో వచ్చింది: ప్రచురణకర్తలు ఒక్కొక్క విద్యార్థికి విడిగా అమ్మే ఆ కోడ్‌ను లైబ్రరీ అరువివ్వలేదు కనుక, పుస్తకం ఉచితంగా దొరికినా కోడ్‌కు డబ్బు కట్టక తప్పలేదు. రైస్ విశ్వవిద్యాలయం వారి ఓపెన్‌స్టాక్స్ ఉచిత పాఠ్యపుస్తకాలను వాడే అధ్యాపకుల క్లాసుల్లో మాత్రం ఈ బాధ నాకు ఎదురుకాలేదు.

కొత్తగా చేరేవారు మొదటి వారంలోనే తమ కోర్సు పుస్తకం రిజర్వ్‌లో ఉందో లేదో కౌంటర్‌లో అడగండి. మా క్లాసు మొత్తానికి ఉన్నవి రెండు ప్రతులు, పరీక్షల వారంలో వాటి కోసం వరుసలో నా ముందు తొమ్మిది మంది ఉన్నారు.