మోనార్క్ సీతాకోకచిలుక: డబ్బాలో పెంచాలా, పెరట్లో మొక్క నాటాలా?

అమెరికాలో ఉంటున్న తెలుగు ఇళ్లలో చాలామంది పిల్లలు బడి నుంచి మోనార్క్ కబుర్లు మోసుకొస్తారు, మనమూ పెంచుదామని పట్టుబడతారు. అప్పుడు తల్లిదండ్రుల ముందు రెండు దారులుంటాయి. గొంగళిపురుగులను వల డబ్బాతో సహా కొనుక్కోవడం ఒకటి, మోనార్క్ పురుగులు తినే మిల్క్‌వీడ్ అనే మొక్కను పెరట్లో నాటి ఎదురుచూడడం రెండోది.

డబ్బాలో అన్నీ కళ్ల ముందే జరుగుతాయి. పురుగు రెండు వారాలు ఆకులు తిని, బంగారు చుక్కలున్న పచ్చటి ప్యూపాగా మారుతుంది. చివరి రోజున ఆ పచ్చదనం పోయి, లోపల మడిచిన నారింజ రెక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. ఏ పిల్లలైనా కళ్లార్పకుండా చూస్తారు.

అయినా కొనవద్దనే చెబుతాను. ఒకేచోట కిక్కిరిసి పెరిగే పురుగులకు రోగాలు త్వరగా అంటుకుంటాయి. పైగా మోనార్క్ గొప్పతనమంతా దాని వలసలో ఉంది. శరదృతువులో కెనడా దక్షిణ ప్రాంతం నుంచి కూడా బయలుదేరి, ఎన్నడూ చూడని మెక్సికోలోని మిచోకాన్ కొండల ఫర్ అడవులకు చేరుతుంది. అమ్మకానికి పెంచిన మోనార్క్‌లు దక్షిణ దిశను పట్టుకోలేకపోయాయని 2019లో ఒక పరిశోధన తేల్చింది. నిర్బంధంలో పెంచినవాటిలో చాలావరకు బయట వదిలాక దారి పట్టాయని 2021లో మరొకటి చెప్పింది. అది కొంత ఊరటే కానీ, కొని పెంచడానికి అంతమాత్రం చాలదు.

మొక్కకు ఓపిక కావాలి, మొదటి ఏడాది పూలు రాకపోవచ్చు. కానీ అది నేర్పేది చాలా ఎక్కువ. పెద్ద పురుగు ముందుగా ఆకు ఈనెను కొరుకుతుంది. పాలు కారిపోయి ఆకు వాలిపోయాక తినడం మొదలుపెడుతుంది. చీమలు, సాలీళ్లు గుడ్లనూ పురుగులనూ ఎత్తుకుపోతాయి. పదింట ఒకటి కూడా రెక్కల దాకా రాదు. పిల్లలు బాధపడతారు, అయినా ఇది దాచకూడదు. అన్ని గుడ్లు ఎందుకు పెడుతుందో వాళ్లకు అక్కడే అర్థమవుతుంది.

మొక్క ఎంపికలో మాత్రం జాగ్రత్త. నర్సరీల్లో ఎరుపు, పసుపు పూలతో ఆకట్టుకునే ఉష్ణమండల మిల్క్‌వీడ్ ఫ్లోరిడా, టెక్సాస్ వంటి వెచ్చని చోట్ల చలికాలంలోనూ ఎండదు. దాని ఆకుల మీద మోనార్క్‌ను కుంగదీసే ఒక పరాన్నజీవి పేరుకుపోతుంది. స్థానిక రకాలే మేలు. పురుగుమందు కొట్టారేమో అడగకుండా కొనవద్దు. మిల్క్‌వీడ్ మన జిల్లేడుకు బంధువే కాబట్టి, పాలు కళ్లలో పడకుండా చూడాలన్న పెద్దల మాట ఇక్కడా వర్తిస్తుంది. ఊళ్లో ఉన్న అన్నదమ్ముల పిల్లలు మోనార్క్ దగ్గరి చుట్టమైన ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పురుగులను జిల్లేడు ఆకుల మీదే వెతకవచ్చు.

రూపం మారడం దగ్గరగా చూడాలని పిల్లలు మరీ అడిగితే, మీ మొక్క మీది పురుగునే ఒక్కదాన్ని ఇంట్లో ఉంచి, రెక్కలొచ్చాక ఆ మొక్క దగ్గరే వదలండి. కాలిఫోర్నియాలో అనుమతి లేకుండా ఇదీ కుదరదు, అక్కడ మొక్క దగ్గరే కూర్చుని చూడాలి.