చల్లని అయాన్ ట్రాప్‌లో ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ: నాలుగేళ్లు వాడాక

విజయవాడ, గుంటూరు ల్యాబుల నుంచి శాంపిల్ పట్టుకుని సింక్రోట్రాన్‌కు (బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే పెద్ద యంత్రం) బీమ్‌టైమ్ మీద, అంటే అక్కడ మనకు కేటాయించిన సమయంలో, వెళ్లేవాళ్ల కోసం ఇది. మేం వాడేది లిక్విడ్ హీలియంతో చల్లబరిచే లీనియర్ అయాన్ ట్రాప్ (అయాన్లను రాడ్ల మధ్య పట్టి ఉంచేది), ముందు ఎలక్ట్రోస్ప్రే సోర్స్ (ద్రావణాన్ని తుంపరగా చిమ్మి అయాన్లు చేసేది). ట్రాప్ నిజంగా మంచిది. దాని డిస్‌ప్లే చూపే టెంపరేచర్‌ను మాత్రం నమ్మకండి.

సెన్సర్ ఉండేది రాడ్లను పట్టుకున్న రాగి దిమ్మె మీద. అక్కడ 4 కెల్విన్ కనిపిస్తున్నా ఆర్‌ఎఫ్ (అయాన్లను పట్టి ఉంచడానికి రాడ్లకు ఇచ్చే రేడియో ఫ్రీక్వెన్సీ వోల్టేజి) వేడి వల్ల అయాన్లు 10 నుంచి 20 కెల్విన్ దగ్గర ఉండిపోతాయి. ఆ వోల్టేజి పెంచితే ఇంకా వేడెక్కుతాయి, మరీ తగ్గిస్తే ట్రాప్‌లో నిలవవు. అయాన్లు చల్లబడేది ట్రాప్‌లోకి వదిలే హీలియం గ్యాస్‌ను ఢీకొనే; అది తక్కువైతే అసలు చల్లబడవు.

ట్రాప్‌లో అయాన్లు మరీ పలచన. కాబట్టి ఎక్స్‌రే ఎంత తగ్గిందో కొలవడం కుదరదు. ఎక్స్‌రే తగిలి విరిగిన ముక్కల్ని టైమ్-ఆఫ్-ఫ్లైట్‌లో (ఎగిరి చేరే సమయాన్ని బట్టి బరువు తేల్చే పరికరం) లెక్కపెట్టాలి. చిక్కు ఇక్కడే: అసలు అయానుకు సరిపోయే ఆర్‌ఎఫ్‌లో తేలిక ముక్కలు నిలవవు, స్పెక్ట్రమ్‌లో ఆ భాగం మాయమవుతుంది. ఒకందుకు మేలే, హీలియం నుంచి పుట్టే అయాన్లు కూడా అలాగే పోతాయి. ముక్కల నిష్పత్తి కావాలంటే రెండు మూడు ఆర్‌ఎఫ్ విలువల దగ్గర తీసి పోల్చండి. ప్రతిసారీ అయాన్లు నింపకుండా ఒక ఖాళీ స్కాన్ కూడా తీయాలి.

సగం బీమ్‌టైమ్ పాడయ్యేది మాత్రం ఇక్కడ, మన బెంచీ మీదే. పెప్టైడ్ (మా శాంపిల్, చిన్న ప్రోటీన్ ముక్క) సీసాను ఫ్రీజర్ నుంచి తీయగానే మూత తెరిస్తే, మన వానాకాలపు గాలిలోని తేమ పొడి మీద నీరై దిగుతుంది, తూకం తప్పుతుంది. గది వేడికి వచ్చాకే తెరవండి. ద్రావణం గాజు సీసాలో పెట్టొద్దు, సోడియం దిగుతుంది: ప్రోటాన్ ఎక్కిన పెప్టైడ్ పీక్‌కు దాదాపు 22 మాస్ యూనిట్ల పైన (ఒకే చార్జి ఉంటే) ఇంకో పీక్ లేస్తుంది, ఆ మేరకు అసలుది తగ్గుతుంది. పాలీప్రొపిలీన్ సీసా, ఎల్‌సీ-ఎంఎస్ గ్రేడ్ (మాస్ స్పెక్ట్రోమెట్రీకి సరిపోయేంత శుద్ధమైన) నీళ్లు, సమానంగా మిథనాల్, 1 శాతం ఫార్మిక్ యాసిడ్, 10 నుంచి 50 మైక్రోమోలార్ చాలు. 18 పైన పీక్ వస్తే అది నీటి అతుకు; హీలియం లైన్‌లో ప్లాస్టిక్ గొట్టం ఉంటే దాని గుండా తేమ లోపలికి వస్తుంది, తీసి స్టీల్ గొట్టం వేయించండి.

ఎక్స్‌రే ఎనర్జీ సరిచూడ్డానికి నైట్రోజన్ 400.9 ఎలక్ట్రాన్ వోల్టుల పీక్ వాడతాం, ఎప్పుడూ వేరే గ్యాస్ సెల్‌లోనే. ట్రాప్‌లోకి వదిలితే చల్లని రాడ్ల మీద గడ్డకట్టి కూర్చుంటుంది.