నిఫ్టీ 50, నిఫ్టీ నెక్స్ట్ 50: 2018 నుంచి రెండు ఈటీఎఫ్‌లూ పెట్టుకున్నాక నా మాట

షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరిచిన వారానికే, 2018 జనవరిలో, నేను కొన్న మొదటి ఈటీఎఫ్ (ఒక సూచీలోని షేర్లన్నీ ఉండే, మార్కెట్లో షేర్‌లా కొనుక్కునే ఫండ్) నేను కొనాలనుకున్నది కాదు. నాకు కావాల్సింది ఎస్‌బీఐ వాళ్ల నిఫ్టీ 50, అంటే 50 పెద్ద కంపెనీల సూచీని అనుసరించేది. యాప్‌లో ఎస్, ఈ, టీ, ఎఫ్, ఎన్ అని ఐదు అక్షరాలు కొట్టేసరికి రెండు పేర్లు వచ్చాయి, ఒకదాని చివర ఐఎఫ్50, ఇంకోదాని చివర ఎన్50. రెండోది నొక్కాను. మూడు నెలల తర్వాత స్టేట్‌మెంట్ చదువుతుంటే గానీ అది నెక్స్ట్ 50 అని తెలియలేదు. ఆ ఏడాది నిఫ్టీ 50 కాస్తో కూస్తో లాభంతో ముగిసింది, నాది నష్టంలో ముగిసింది. అప్పుడు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

చాలామంది నెక్స్ట్ 50 అంటే నిఫ్టీకే కొత్త రూపం అనుకుంటారు. కాదు, రెండింట్లోనూ ఉండే కంపెనీ ఒక్కటి కూడా లేదు. వంద పెద్ద కంపెనీల సూచీ నిఫ్టీ 100లోంచి నిఫ్టీ 50 కంపెనీలు తీసేస్తే మిగిలేవే ఇవి. పైకి ఎదిగిన కంపెనీ ఇక్కడి నుంచి నిఫ్టీ 50లోకి వెళ్లిపోతుంది, అక్కడ వెనకబడింది ఇక్కడికి దిగుతుంది. 2025 మార్చిలో జొమాటో, జియో ఫైనాన్షియల్ అలాగే పైకి వెళ్లాయి, బీపీసీఎల్, బ్రిటానియా కిందికి వచ్చాయి. ఈ రాకపోకల వల్లే దీని ఊపు వేరు, పడితే గట్టిగా పడుతుంది, లేస్తే 2024లో లాగా నిఫ్టీ 50ని చాలా వెనక్కి నెట్టేస్తుంది.

నిఫ్టీ 50 ఈక్వల్ వెయిట్ అని ఇంకోటుంది. అవే 50 కంపెనీలు, కానీ ఒక్కోదానికి దాదాపు 2 శాతమే. మామూలు నిఫ్టీలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, రిలయన్స్ లాంటివాటిదే పెద్ద వాటా కాబట్టి రెండింటి రాబడీ ఒకేలా ఉండదు. నిఫ్టీ 50 వాల్యూ 20లో అయితే ఆ 50లోంచి ఏరిన 20 కంపెనీలే ఉంటాయి. అందుకే పేరు చివరిదాకా చదవండి, నెక్స్ట్, ఈక్వల్ వెయిట్ లాంటి ఆ ఒక్క ముక్కే మీ డబ్బు ఎటు పోతుందో చెబుతుంది.

ఇక సూచీ ఒకటే, ఫండ్ కంపెనీలు వేరు అయినప్పుడు నేను ఖర్చుల శాతం, ట్రాకింగ్ డిఫరెన్స్ (సూచీ రాబడికీ ఫండ్ రాబడికీ ఉన్న తేడా) చూస్తాను, వాటికన్నా ముందు రోజువారీ వాల్యూమ్, అంటే రోజూ ఎన్ని యూనిట్లు చేతులు మారుతున్నాయో చూస్తాను. ఒకసారి ఖర్చు తక్కువని పెద్దగా ట్రేడ్ కాని నిఫ్టీ ఈటీఎఫ్‌ను పొద్దున్నే 9:16కి మార్కెట్ ఆర్డర్‌లో, అంటే అప్పుడు ఎంత ధర దొరికితే అంతకి, కొన్నాను. ఐనావ్, అంటే ఆ క్షణానికి యూనిట్ అసలు విలువ, 148 చిల్లర, నాకు పడింది 151. ఖర్చుల్లో ఏళ్ల తరబడి మిగులుతుందనుకున్నది ఆ ఒక్క నిమిషంలో పోయింది. అప్పటి నుంచి ఐనావ్ చూసి, ఇంతకు మించి కొననని చెప్పే లిమిట్ ఆర్డరే పెడుతున్నాను, అదీ పదింటి తర్వాతే.

యూనిట్ ధర చూసి మాత్రం పోల్చకండి. 2019 డిసెంబరులో నిఫ్టీబీస్ అనే నిఫ్టీ 50 ఈటీఎఫ్ ఒక్కో యూనిట్‌ను పది చేసినప్పుడు మా బావమరిది ఫోన్ చేసి "బావా, పన్నెండొందలు ఉండాల్సింది నూట ఇరవై చిల్లర చూపిస్తోంది, మునిగిపోయామా?" అని కంగారుపడ్డాడు. యూనిట్లు ఎన్ని ఉన్నాయో చూడమన్నాను, పది రెట్లయ్యాయి. విలువ ఎక్కడికీ పోలేదు. ఒక కంపెనీ ఈటీఎఫ్ 250, ఇంకో కంపెనీది 25 ఉంటే, రెండోది చవక అని కాదు.

పొరపాటున కొన్న ఆ నెక్స్ట్ 50ని నేను అమ్మలేదు. తర్వాత తెలిసే ఇంకా కొన్నాను, ఇప్పుడు నిఫ్టీ 50లో డెబ్బై శాతం, ఇందులో ముప్పై శాతం ఉంది. పాప కాలేజీ ఫీజుకు ఇంకో మూడేళ్లలో కావాల్సిన డబ్బు మాత్రం ఈ రెండింట్లోనూ లేదు, బ్యాంకులో ఎఫ్‌డీలో ఉంది.