యాకుజా జీరో: కొట్లాటల ఆటే కానీ, కోడిపెట్ట కూడా ఉంది

ముందే చెప్పేస్తున్నా. జీటీఏ లాంటి వీడియో గేమ్ కావాలనుకుంటే, సెగా కంపెనీవాళ్ళు జపాన్ నేరముఠాల మీద చేసిన యాకుజా ఆటల జోలికి పోకండి. ఇందులో కార్లు ఎత్తుకుపోవడాలుండవు. దారిన పోయేవాణ్ణి ఊరికే కొడదామన్నా కుదరదు. తిరగడానికి ఉన్నది చిన్న పేట. టోక్యోలో కబుకిచో అని రాత్రంతా దీపాలు వెలిగే చోటుంది, దాన్ని చూసి కట్టిందే ఈ కమురోచో. 2005లో మొదటి ఆట వచ్చినప్పటినుంచీ దాదాపు ప్రతి భాగంలోనూ మళ్ళీ అక్కడికే వస్తాం. ఏ సందులో బారుంది, ఏ మలుపులో రౌడీలు కాపు కాస్తారు, రెండో ఆటకల్లా కంఠతా వచ్చేస్తుంది. నాకు అదే హాయి. పటం ఎంత పెద్దదైతే ఆట అంత గొప్పదనుకునేవాళ్ళకి చిరాకు.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, జీరోతో. విడుదలైంది 2015లో, కానీ కథ 1988 డిసెంబరులో జరుగుతుంది, అంటే మిగతా ఆటలన్నిటికంటే ముందు. జపాన్‌లో భూముల ధరలకి పిచ్చెక్కిన రోజులవి. కిర్యూ కజుమా అనే ఇరవయ్యేళ్ళ ముఠా కుర్రాడు అప్పు వసూలుకి వెళ్ళి ఒకణ్ణి ఖాళీ జాగాలో నాలుగు తగిలించి వస్తాడు. తీరా చూస్తే ఆ మనిషి అక్కడే తుపాకి దెబ్బ తిని శవమై ఉంటాడు. హత్య ఇతని మెడకి చుట్టుకుంటుంది. చూస్తే గట్టిగా ఒక గది కూడా లేవని జాగా అది. దానికోసం ముఠాలో ముగ్గురు పెద్దలు ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటారు. గజం భూమి గొడవ మీద ఇంత కథ నడుస్తుందా అని మనవాళ్ళెవరూ అడగరులెండి.

రెండో హీరో మజిమా గోరో. ఒసాకాలోని దోతోన్‌బోరి అనే పేటని పోలిన సోతెన్‌బోరిలో క్యాబరే మేనేజరు, ఒక కంటికి నల్లగంత. అతను తెరమీదకి వచ్చే మొదటి సన్నివేశం కోసమైనా ఈ ఆట ఆడొచ్చు. తాగిన కస్టమరొకడు అక్కడ పనిచేసే అమ్మాయిని ఏడిపిస్తుంటాడు. మజిమా ఒక్క దెబ్బ వెయ్యడు. నవ్వుతూ, మర్యాదగా, అందరి ముందూ వాణ్ణి దారికి తెస్తాడు. నేను ఆట ఆపి మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను. అప్పటినుంచీ ఆయన పక్కన కూచుని చూడ్డమే, కంట్రోలర్ ముట్టుకోడు.

చూడ్డానికి చాలానే ఉంటుంది మరి. మొదటి గంటల్లో మీరు ఆడేది తక్కువ, వినేది ఎక్కువ. నేను ఆడిన పీఎస్4 (ప్లేస్టేషన్ 4) వర్షన్‌లో మాటలన్నీ జపనీసే, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్. ఫోన్ చూసుకుంటూ ఆడితే ఎవరు ఎవరికి వెన్నుపోటు పొడిచారో అర్థం కాదు. పైగా ఎక్కడ పడితే అక్కడ సేవ్ కాదు, ఫోన్ బూత్ వెతుక్కోవాలి. పొద్దున్నే డ్యూటీ ఉన్న రాత్రి కొత్త చాప్టర్ మొదలెట్టకండి.

ఫైట్లు మోటుగా, కసిగా ఉంటాయి. ఒక్కో హీరోకి మొదట మూడు పద్ధతులు. రోడ్డు పక్కనున్న సైకిలెత్తి నెత్తిన వెయ్యొచ్చు. కొట్టినకొద్దీ రౌడీల ఒంట్లోంచి నోట్లు ఎగిరిపడతాయి, ఆ డబ్బు పెట్టే కొత్త దెబ్బలు నేర్చుకోవాలి. మిస్టర్ షేక్‌డౌన్ అనే కొండలాంటి మనిషి వీధుల్లో తిరుగుతుంటాడు, వాడి చేతిలో ఓడితే జేబు మొత్తం ఖాళీ. తిక్కరేగుతుంది కానీ, తర్వాత వాణ్ణి పడగొట్టి ఆ డబ్బు లాక్కున్న రోజు ఇల్లంతా వినపడేలా అరిచాను. పెద్ద ఫైటు వచ్చిందంటే చొక్కాలు ఊడాల్సిందే, వీపు మీద పచ్చబొట్లు కనపడాల్సిందే. అచ్చం మన మాస్ సినిమా క్లైమాక్స్. "డిసెంబరు కదే, వీళ్ళకి జలుబు చెయ్యదా?" అంటాడు మా ఆయన.

అయితే నన్ను కట్టిపడేసినవి ముఠా గొడవలు కావు, సబ్‌స్టోరీలు, అంటే అసలు కథ పక్కన దారిలో తగిలే పిట్టకథలు. జీరోలో వంద ఉన్నాయి. ఒక పిల్లాడు లైన్లో నిలబడి కొనుక్కున్న వీడియో గేమ్‌ని ఎవడో లాక్కుపోతాడు. వాణ్ణి పట్టుకుంటే, వాడి దగ్గర ఇంకొకడు లాక్కున్నాడంటాడు. అలా వెతుక్కుంటూ పోతే చివర్లో తేలే మనిషిని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంకోచోట మజిమా ఒక తల్లి కోసం దొంగబాబా గుంపులో దూరి ఆమె కూతుర్ని బయటికి తేవాలి. బౌలింగ్ ఆటలో వరసగా మూడు స్ట్రైకులు (ఒక్క బంతికే పిన్నులన్నీ పడిపోవడం) పడితే కిర్యూకి బతికున్న కోడిని బహుమతిగా ఇస్తారు. దాన్ని తన రియల్ ఎస్టేట్ వ్యాపారంలో మేనేజరుగా పెట్టుకుంటాడు! ఇదంతా కిర్యూ ముఖంలో నవ్వన్నది లేకుండా చేస్తాడు. అందుకే పండింది.

ఇక గిట్టని సంగతి. ఈ ఆటల్లో ఆడవాళ్ళు ఎక్కువగా క్లబ్బుల్లో మగవాళ్ళ పక్కన కూచుని కబుర్లు చెప్పే హోస్టెస్‌లు, లేదంటే కాపాడాల్సిన బొమ్మలు. జీరోలో వీడియో షాపు, టెలిఫోన్ క్లబ్బు (మగవాళ్ళు తెలియని అమ్మాయిలతో ఫోన్లో కబుర్లాడే చోటు) లాంటి చోట్ల పెట్టినవి చూస్తే, మగపిల్లల హాస్టల్లో కూచుని రాశారేమో అనిపించింది. పిల్లలు మేలుకునుండగా ఆ వీధి వైపు వెళ్ళకండి. మకోతో అనే చూపులేని అమ్మాయి పాత్రని అంత బాగా రాసినవాళ్ళే ఇదీ చేశారంటే మరీ కోపం వస్తుంది.

జీరో నచ్చితే కివామి, కివామి 2 ఆడండి. అవి మొదటి రెండు ఆటలనే 2016, 2017ల్లో కొత్తగా చేసినవి. కివామిలో మజిమా సందుసందునా ప్రత్యక్షమై కొట్లాటకి దిగుతాడు. మొదట నవ్వొస్తుంది, తర్వాత వాణ్ణి చూస్తే వీధి మార్చేస్తాం. బటన్లు గబగబా నొక్కలేనివాళ్ళు 2020లో వచ్చిన ఏడో ఆట, 'యాకుజా: లైక్ ఎ డ్రాగన్' చూడండి. హీరో మారి ఇచిబాన్ కసుగా వస్తాడు, ఊరు యోకోహామా, ఫైట్లు వంతులవారీగా సాగుతాయి. పాత అభిమానుల్లో కొందరు గొణిగారు కానీ నా వేళ్ళకి ప్రాణం లేచొచ్చింది.

మూడో ఆట మాత్రం ఓపిక పరీక్షే. ఒకినావాలో కిర్యూ నడిపే అనాథాశ్రమం పిల్లల తగవులు తీర్చడంతోనే చాలాసేపు గడుస్తుంది, శత్రువులేమో ప్రతి దెబ్బకీ చెయ్యి అడ్డం పెడతారు. అలాగని దాటేసి పోకండి. ఆ పిల్లలెవరో తెలియకుండా ఆరో ఆటకి వెళ్తే సగం కథ మీకు తగలదు.